మూడో తరగతి పెట్టె: గేమ్ కన్సోళ్ల రెండు ధరల చరిత్ర

1849లో ఫ్రాన్సుకు చెందిన జూల్ డుప్యుయి అనే ఇంజనీరు రైలు ఛార్జీల గురించి రాస్తూ ఒక సత్యాన్ని బయటపెట్టాడు. వంతెనలు, రోడ్ల శాఖలో పనిచేసిన ఈయన అర్థశాస్త్రంలో కూడా పేరు పొందినవాడు. ఆ రోజుల్లో మూడో తరగతి రైలు పెట్టెలు కొన్నిటికి పైకప్పు ఉండేది కాదు. కూర్చోవడానికి ఉత్త చెక్కబల్లలు. కప్పు వేయడానికీ, బల్లకు మెత్త కుట్టించడానికీ కంపెనీకయ్యే ఖర్చు స్వల్పం. అయినా వేయలేదు. బీదవాడి మీద కంపెనీకి కసి ఉండి కాదు. రెండో తరగతి ఛార్జీ ఇచ్చుకోగలిగినవాడు మూడో తరగతి టిక్కెట్టు కొనకుండా జడిపించడమే దాని ఉద్దేశమని డుప్యుయి తేల్చాడు.

మూడో తరగతి ప్రయాణం ఎలా ఉండేదో మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వచ్చాక అందులోనే ప్రయాణాలు చేసిన గాంధీజీ, 1917లో ఆ బాధల మీద ఒక చిన్న పుస్తకమే ప్రకటించారు. 1974లో మన రైల్వే మూడో తరగతిని ఎత్తివేసింది. పేరు పోయింది గాని సూత్రం పోలేదు. ఆ సూత్రం పిల్లలు టీవీ ముందు కూర్చుని ఆడే గేమ్ కన్సోల్‌లోకి ఎలా ప్రవేశించిందో, ప్రవేశించి ఎలా పెరిగిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆటవస్తువుల గురించి సాహిత్య పత్రికలో చర్చ ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. కథ వినడం, చూడడం, తానే అందులో ఒక పాత్ర కావడం ఈనాటి బాలబాలికలలో చాలామందికి ఈ యంత్రాల మీదనే జరుగుతున్నది. పుస్తకం ధర పెరిగితే పాఠకుడికి ఏమవుతుందని మనం ఆలోచిస్తాం. కథను మోసే యంత్రాన్ని రెండు ధరలకు రెండు రకాలుగా అమ్మితే ఏమవుతుందన్నది కూడా ఆ కోవలోని ప్రశ్నే.

సరంజామాలో తేడా

తొలి రోజుల్లో ఈ పద్ధతి లేదు. 1977లో అమెరికాలో అటారీ కంపెనీ తన కన్సోల్‌ను సుమారు 200 డాలర్లకు అమ్మింది. కొన్నవాళ్లందరి ఇళ్లకూ చేరింది ఒకే యంత్రం. 1985లో నింటెండో న్యూయార్క్‌లో తన యంత్రాన్ని మొదటిసారి అమ్మకానికి పెట్టినప్పుడు దానితోపాటు ఒక రోబో బొమ్మనూ, కాంతితో గురిచూసే తుపాకినీ కలిపి ఇచ్చింది. తరువాతి సంవత్సరాల్లో యంత్రం ఒక్కటే ఒక ధరకు, ఆటలూ సరంజామాతో కలిపి ఇంకో ధరకు అమ్మింది. 1990లో జపాన్‌కు చెందిన ఎస్‌ఎన్‌కే కంపెనీ తన నియో జియో కన్సోల్‌ను అమెరికాలో ‘వెండి’, ‘బంగారు’ పేర్లతో రెండు మూటలుగా అమ్మింది. బంగారు మూట ధర 650 డాలర్లు. అయినా పేరు వెండి అయినా బంగారమైనా లోపలి యంత్రం ఒక్కటే. ఒక కంట్రోలర్ తక్కువ, ఒక ఆట తక్కువ, అంతే. తరువాత డబ్బు కూడినప్పుడు కొనుక్కుంటే లోటు తీరిపోయేది.

ఈ దశలో చవక యంత్రం ఇంకో దారిలో కూడా వచ్చింది. 1977 నాటి అటారీ యంత్రాన్నే చిన్నదిగా, తక్కువ ఖర్చుతో తయారుచేసి 1986లో 50 డాలర్లలోపు ధరకు అమ్మారు. తొమ్మిదేళ్లలో చిప్పుల తయారీ చవకైంది, ఆ లాభంలో కొంత భాగం కొనేవాడికి చేరింది. పాత ఆటలన్నీ దాని మీద నడిచాయి. ఉత్పత్తిశక్తుల అభివృద్ధి వల్ల కలిగిన చవక ఇది. ఈ ఉదాహరణను పాఠకులు గుర్తుంచుకోవాలి, చివర మళ్లీ దీని అవసరం పడుతుంది.

1989లో జపాన్‌లో ఎన్‌ఈసీ కంపెనీ వేసిన అడుగు దీనికి భిన్నమైనది. తన పీసీ ఇంజిన్ కన్సోల్‌లో పిల్లల కోసమంటూ ‘షటిల్’ అనే రకాన్ని 18,800 యెన్‌లకు, ఉన్నవాళ్ల కోసం ‘సూపర్‌గ్రాఫిక్స్’ అనే శక్తిమంతమైన రకాన్ని 39,800 యెన్‌లకు తెచ్చింది. షటిల్‌కు అదనపు పరికరాలు తగిలించే ద్వారమే లేదు. అంటే సీడీ మీద వచ్చే ఆటలు ఆ పిల్లలకు ఎప్పటికీ అందవు. రెండో పక్క సూపర్‌గ్రాఫిక్స్ కొన్నవాళ్లు కొద్దిమంది కావడంతో దాని కోసమే రాసిన ఆటలు ఐదు మాత్రమే వచ్చాయి. పై తరగతి పెట్టె ఎంత బాగున్నా, కొనేవాళ్లు కొద్దిమందైతే దాని కోసం ఎవరూ ఆట రాయరు. ఈ పాఠాన్ని తరువాత వచ్చిన కంపెనీలు బాగా నేర్చుకున్నాయి.

అవయవంలో తేడా

2005 నవంబరులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ 360తో ఈ చరిత్ర కొత్త మలుపు తిరిగింది. మొదటి రోజు నుంచే రెండు రకాలు. ‘కోర్’ 300 డాలర్లు, ‘ప్రీమియం’ 400 డాలర్లు. ప్రీమియంలో 20 గిగాబైట్ల హార్డ్ డిస్క్, వైరులేని కంట్రోలర్, మాట్లాడుకోవడానికి హెడ్‌సెట్ ఉన్నాయి. కోర్‌లో హార్డ్ డిస్క్ లేదు, కంట్రోలర్‌కు వైరు. ఆడిన ఆటను ఎక్కడి దాకా ఆడామో దాచుకోవడానికి యంత్రంలో చోటే లేదు. ఒక బాలుడు సాయంత్రమంతా ఆడి యంత్రం ఆపేస్తే, మరునాడు మళ్లీ మొదటి నుంచి ఆడుకోవాలి. అలా కాకుండా ఉండాలంటే 40 డాలర్లు పెట్టి 64 మెగాబైట్ల మెమరీ కార్డు విడిగా కొనాలి. హార్డ్ డిస్కే కావాలంటే 100 డాలర్లు.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. కోర్ కొని, తరువాత హార్డ్ డిస్క్ కొన్నవాడికి అయిన మొత్తం 400 డాలర్లు. మొదటే ప్రీమియం కొన్నవాడు ఇచ్చిందీ అంతే. కాని మొదటివాడి దగ్గర వైరులేని కంట్రోలరూ లేదు, హెడ్‌సెట్టూ లేదు. ఒకేసారి సొమ్ము తీయగలవాడికి ఎక్కువ వస్తువు, విడతల వారీగా తీసేవాడికి తక్కువ వస్తువు. బస్తా బియ్యం కొనేవాడికి ఒక రేటు, రోజుకు సేరు చొప్పున కొనే కూలీకి ఇంకో రేటు పడడం మన ఊళ్లలో తెలియనిది కాదు. లేమికి కూడా ఒక వెల ఉంటుంది, దాన్ని చెల్లించేవాడు లేనివాడే.

నష్టం అక్కడితో ఆగలేదు. 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లో ప్రతి యంత్రానికీ హార్డ్ డిస్క్ ఉండేది. ఇప్పుడు కొందరికి ఉంది, కొందరికి లేదు. అందువల్ల ఆట రాసేవాళ్లు అది ఉందనుకుని రాయడానికి వీలు లేకుండా పోయింది. ప్రీమియం కొన్నవాడు కూడా తాను కొన్న డిస్కును పూర్తిగా వాడుకోలేకపోయాడు. డుప్యుయి చెప్పిన బీదవాడి కప్పులేని పెట్టెకు ఇది కొత్త పర్యవసానం. ఇక్కడ కొంత వాన పక్క పెట్టెలో కూడా కురుస్తుంది.

ఈ రెండు రకాలలో ఎక్కడా కనిపించని తేడా ఒకటుంది. 2012 జనవరిలో చైనాలోని వుహాన్‌లో ఎక్స్‌బాక్స్ 360లు తయారయ్యే ఫాక్స్‌కాన్ కర్మాగారంలో సుమారు 150 మంది కార్మికులు భవనం పైకెక్కి, తమ సమస్య తీర్చకపోతే దూకుతామని హెచ్చరించారు. యంత్రానికి చవక రకం, ఖరీదు రకం ఉన్నాయి గాని, దాన్ని బిగించే చేతులకు అటువంటి ఎంపిక లేదు.

2006లో సోనీ ప్లేస్టేషన్ 3ను అమెరికాలో 20 గిగాబైట్ల రకం 500 డాలర్లకు, 60 గిగాబైట్ల రకం 600 డాలర్లకు విడుదల చేసింది. చవక రకంలో వైరులేని ఇంటర్నెట్ సదుపాయం లేదు, మెమరీ కార్డులు పెట్టే అరలు లేవు. ఐసప్లై అనే పరిశోధన సంస్థ రెండు యంత్రాలనూ విప్పి ఖర్చు లెక్క కట్టింది. ఖరీదు రకానికి దాదాపు 840 డాలర్లు, చవక రకానికి దాదాపు 806 డాలర్లు అవుతుందని తేల్చింది. ధరలో తేడా 100 డాలర్లు, తయారీ ఖర్చులో తేడా 35 డాలర్లు. అంటే ఖరీదు యంత్రం మీద 241 డాలర్లు నష్టమైతే, చవక యంత్రం మీద 307 డాలర్లు నష్టం.

దీన్ని చూసి కంపెనీ బీదవాడికి మేలు చేస్తున్నదని భ్రమపడరాదు. కన్సోల్ వ్యాపారంలో యంత్రం అసలు సరుకు కాదు. తరువాత అమ్ముడుపోయే ప్రతి ఆట మీదా కంపెనీకి వాటా వస్తుంది. సంత గేటు దగ్గర రుసుము తగ్గించి, లోపల ప్రతి గంప మీదా ఆశీలు వసూలు చేసుకునే పద్ధతి ఇది. చవక రకం పని ‘500 నుంచి మొదలు’ అని ప్రకటనలో వేసుకోవడానికి ఒక అంకెను ఇవ్వడం. వచ్చినవాణ్ణి పక్కనున్న పెద్ద రకం వైపు నడిపించడం. నిజంగా అందరూ చవక రకమే కొంటే కంపెనీకి నష్టం పెరుగుతుంది. ఆ 20 గిగాబైట్ల రకాన్ని సోనీ 2007 ఏప్రిల్‌లోనే అమెరికాలో ఆపేసింది. ఆ ఏడాది చివర 400 డాలర్లకు తెచ్చిన 40 గిగాబైట్ల రకంలో ప్లేస్టేషన్ 2 ఆటలు ఆడే శక్తి తీసేసింది. ధర తగ్గింది నిజమే, కాని కుటుంబం అంతకుముందు కొనుక్కున్న ప్లేస్టేషన్ 2 ఆటలన్నీ ఆ యంత్రం ముందు పనికిరానివయ్యాయి.

2012లో నింటెండో వీ యూ 8 గిగాబైట్ల రకం 300 డాలర్లకు, 32 గిగాబైట్ల రకం 350 డాలర్లకు వచ్చింది. ఎనిమిదిలో యంత్రం సొంత అవసరాలు పోగా కొన్నవాడికి మిగిలింది మూడు. చవక పెట్టెలో సగానికి పైగా చోటు ముందే ఎవరో కూర్చున్న చోటు.

హక్కులో తేడా

2020 నవంబరులో వచ్చిన యంత్రాలతో ఈ కథ మూడో ఘట్టానికి చేరుకుంది. సోనీ ప్లేస్టేషన్ 5 రెండు రకాలు, 500 డాలర్లది, 400 డాలర్ల ‘డిజిటల్’ది. ప్రాసెసర్, జ్ఞాపకశక్తి, వేగం అన్నీ సమానం. తీసేసిందల్లా డిస్కు పెట్టే భాగం ఒక్కటే. పైపైన చూస్తే ఇదే అన్నిటికన్నా న్యాయమైన తేడాగా కనిపిస్తుంది. కాని డిస్కు అంటే ఏమిటో ఆలోచించాలి. డిస్కు చేతిలో ఉన్నవాడు స్నేహితుడికి ఎరువివ్వగలడు, ఆడేశాక సగం ధరకు అమ్మగలడు, పాత డిస్కు చవకగా కొనగలడు, నాలుగు దుకాణాలలో ధర అడిగి చూడగలడు. డిజిటల్ యంత్రం కొన్నవాడికి ఉన్న దుకాణం ఒక్కటే, అది కంపెనీ సొంత దుకాణం. అక్కడ కొన్న ఆట ఆడుకునే అనుమతి మాత్రమే, ఆస్తి కాదు. 100 డాలర్ల తగ్గింపుకు బదులుగా అతడు వదులుకున్నది మారు బేరం చేసే హక్కు.

2023 చివరలో సోనీ సన్నని రకాన్ని తెచ్చి, డిజిటల్ ధరను అమెరికాలో 450 డాలర్లకు పెంచింది. డిస్కు పెట్టే భాగాన్ని 80 డాలర్లకు విడిగా అమ్మకానికి పెట్టింది. మళ్లీ అదే లెక్క. చవక రకం కొని తరువాత డిస్కు భాగం కొన్నవాడికి 530 డాలర్లు, ఒకేసారి కొన్నవాడికి 500 డాలర్లు. కొన్న ఆ భాగాన్ని యంత్రానికి జత చెయ్యడానికి ఒకసారి ఇంటర్నెట్ ద్వారా కంపెనీ అనుమతి కూడా పొందాలి.

2024 నవంబరులో ప్లేస్టేషన్ 5 ప్రో వచ్చినప్పుడు దాని ధర 700 డాలర్లు. ఈ వరసలో అన్నిటికన్నా ఖరీదైన ఆ యంత్రంలో కూడా డిస్కు పెట్టే భాగం లేదు! బీదవాడి పెట్టెకు ముందు కప్పు తీశారు. అతడు అలవాటుపడ్డాడని చూసుకుని నాలుగేళ్లకు మొదటి తరగతి కప్పు కూడా తీశారు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలు పాఠం ఇదే. చవక రకం బీదవాడి కోసం చేసిన ఏర్పాటు మాత్రమే కాదు, ఏ హక్కును తీసివేస్తే ఎంతమంది నోరెత్తుతారో పరీక్షించే ప్రయోగశాల కూడా. పేదవాడికి జరిగిన కోత మనది కాదని ఊరుకున్న మధ్యతరగతివాడికి ఆ కోత ఆలస్యంగా వచ్చి చేరుతుంది.

అదే 2020లో మైక్రోసాఫ్ట్ 500 డాలర్ల సిరీస్ ఎక్స్‌నూ, 300 డాలర్ల సిరీస్ ఎస్‌నూ తెచ్చింది. ఎస్‌లో డిస్కు లేకపోవడమే కాక జ్ఞాపకశక్తి 16 గిగాబైట్లకు బదులు 10. బెల్జియంకు చెందిన లారియన్ సంస్థ ‘బాల్డర్స్ గేట్ 3’ ఆటను రెండింటి మీదా ఒకే విధంగా ఇవ్వాలని నిబంధన. ఇద్దరు ఒకే తెరను పంచుకుని ఆడే సదుపాయం ఎస్ మీద నడవలేదు. 2023లో నిబంధన సడలించాక, ప్లేస్టేషన్ కన్నా మూడు నెలలు ఆలస్యంగా ఆట వచ్చింది, ఎస్ కొన్నవాళ్లకు ఆ సదుపాయం లేకుండా. చివరకు 2025 ఏప్రిల్‌లో దాన్నీ చేర్చగలిగారు. యంత్రానికి చేతకాదన్నది మనుషుల శ్రమకు చేతనైంది. కాని ఒక ఇంట్లో ఒకే యంత్రం, ఇద్దరు పిల్లలు ఉన్నచోట, కలిసి ఆడే సదుపాయం పోయింది ముందుగా చవక యంత్రంలోనే అన్న సంగతి మరువరాదు.

భాషలో తేడా

2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2 వచ్చింది. విడుదలైనప్పుడు జపాన్‌లో దానికి రెండు ధరలు పెట్టారు. జపనీస్ ఒక్కటే కనిపించే యంత్రం 49,980 యెన్‌లు, అనేక భాషలు గలది 69,980 యెన్‌లు. లోపలి యంత్రం ఒక్కటే. 20,000 యెన్‌ల తేడా భాషది. అదే ఏడాది నవంబరులో సోనీ కూడా జపనీస్‌కు మాత్రమే పరిమితమైన డిజిటల్ యంత్రాన్ని 55,000 యెన్‌లకు తెచ్చింది. యెన్ విలువ పడిపోయిన కాలంలో విదేశీయులు చవకగా కొనుక్కుపోకుండా ఇది అడ్డుగోడ. జపాన్ సామాన్యుడికి దీనివల్ల మేలు జరిగిన మాట కాదనలేం. కాని జపాన్‌లో పనిచేసుకుంటూ, ఆ లిపి ఇంకా పట్టుబడని వలస కార్మికుడు, విద్యార్థి ఆ గోడకు అవతల పడిపోయారు. ఒక మనిషి ఏ భాషలో చదవగలడన్నది ధర నిర్ణయించే కొలత అయింది. భాషాసాహిత్యాలతో సంబంధం ఉన్న మనవంటివాళ్లు ఈ పరిణామాన్ని తేలికగా తీసుకోరాదు. స్విచ్ 2 భాషలలో తెలుగు లేదు గనుక మన పిల్లవాడు ఆ గోడకు ఏ వైపునా లేడు.

మన సంగతి

1990లలో మన పట్టణాలలో ‘వీడియో గేమ్’ పేరుతో అమ్మిన క్యాసెట్ల యంత్రాలలో ఎక్కువ భాగం నింటెండో వారి 1983 నాటి యంత్రానికి నకళ్లు. మూడో తరగతి టిక్కెట్టు కూడా అమ్మని చోట జనం సొంతంగా బండి కట్టుకున్నట్టుగా అవి వచ్చాయి. తరువాత మార్కెట్టు తెరిచారు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు డిస్కు రకం 49,990 రూపాయలు, డిజిటల్ 39,990. సిరీస్ ఎస్ 2020లో 34,990. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల అప్పటికి మైక్రోసాఫ్ట్ అధిపతి. అది మనకు గర్వకారణమే కావచ్చు, కాని యంత్రం ధర మీద ఆ గర్వానికి రాయితీ లేదు.

మన దేశంలో డిస్కు లేకపోవడం అమెరికాలో లేకపోవడం వంటిది కాదు. ఒక కొత్త ఆట ధర నాలుగైదు వేలు పలికే చోట నలుగురు స్నేహితులు తలా ఒకటి కొని మార్చుకుంటారు. పాత డిస్కుల బేరం మీదనే చాలామంది ఆట సాగుతుంది. ఆ మార్పిడి పోతే పదివేలు తగ్గించి కొన్న యంత్రం రెండు మూడు ఆటలకే ఆ పదివేలనూ తిరిగి లాగేసుకుంటుంది. ఎవరికి ఈ మార్పిడి అవసరం ఎక్కువో వాళ్లకే అది లేని యంత్రం అంటగట్టడంలో ఉన్న క్రూరత్వాన్ని గుర్తించాలి.

రెండు రకాల చవక

అలాగని చవక యంత్రాలన్నీ మోసమని తీర్మానించడం తొందరపాటు అవుతుంది. సిరీస్ ఎస్ వల్లనే ఆట ముఖం చూసిన పిల్లలు ఎందరో ఉన్నారు. 2019లో నింటెండో 300 డాలర్ల స్విచ్ పక్కన 200 డాలర్ల ‘లైట్’ను తెచ్చింది. అది టీవీకి తగిలించడానికి వీలుకాదు, అయినా సొంతంగా ఒకటి కావాలనుకున్న పిల్లవాడికి అది అక్కరకొచ్చింది. ఈ వాదనను తోసిపుచ్చలేం. కప్పు లేని పెట్టెలోనైనా మూడో తరగతి ప్రయాణికుడు ఊరు చేరాడు గదా.

కాబట్టి విమర్శకుడు వేసుకోవలసిన ప్రశ్న ధర తగ్గిందా అన్నది కాదు, ఎలా తగ్గిందన్నది. 1986 నాటి చిన్న అటారీ చవకైంది, తయారీ చవకైంది గనుక. దాన్ని కొన్నవాడు ఏ ఆటనూ పోగొట్టుకోలేదు. 2005 కోర్ అలా కాదు. అవసరమైన అవయవాన్ని తీసి, దాన్నే తిరిగి ఎక్కువకు అమ్మడానికి తగ్గించిన ధర అది. మొదటిదాన్ని చవక అందాం, రెండోదాన్ని కోత అందాం. ఈ రెంటినీ వేరుచేయడానికి మూడు గీటురాళ్లున్నాయి. తీసేసిన దాని ఖర్చుకూ, తగ్గించిన ధరకూ పొంతన ఉందా? లోటును తరువాత పూడ్చుకుంటే మొదటే కొన్నవాడికన్నా ఎక్కువ పడుతుందా? తీసింది సౌకర్యమా, లేక దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కా?

ఈ మూడు ప్రశ్నలూ కన్సోళ్లతో ఆగేవి కావు. ప్రకటనలు చూపించి చదివే కథకు ఒక ధర, లేకుండా చదివే కథకు ఒక ధర, చదివినన్నాళ్లే ఉండే పుస్తకానికి ఒక ధర పెట్టే కాలంలో ఉన్నాం. మన గ్రంథాలయ ఉద్యమం పుస్తకాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చడం మీదనే నిలబడింది. చేతులు మారలేని పుస్తకం, చేతులు మారలేని ఆట ఒకే కోవకు చెందినవి. తక్కువ ధర చూసి సంతోషించే ముందు, ఆ ధరలో ఏమి లేదో పిల్లలకు వివరించి చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులదీ, రచయితలదీ కూడా.